ఉక్కు షెడ్డుకు ఎర్తు సరిగా తగిలించాలని వినతి

గౌరవనీయులైన వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,

ప్రతులు: దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ సూపరింటెండింగ్ ఇంజినీరు గారికి, ప్రభుత్వ ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి గారికి, కర్మాగారాల శాఖ సంచాలకుల వారికి, తాండూరు, వికారాబాద్ మున్సిపల్ కమిషనర్లకు.

విషయం: నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, పప్పు మిల్లులు, గోదాములు, ఇతర ఇనుప కట్టడాల ఉక్కు స్తంభాలకు ఎర్తింగ్ అతుకులు నిబంధనల ప్రకారం వేయించడం, ఎండాకాలంలో వాటిని కొలిపించడం, లీకేజీ రాగానే కరెంటు తెగే పరికరం పెట్టించడం గురించి.



తాండూరు చుట్టుపక్కల నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కార్మికులం, ఆ యూనిట్లకు వైరింగ్ చేసే లైసెన్సు ఉన్న వైర్‌మెన్లం, రేకుల షెడ్లు నిలబెట్టే వెల్డర్లం, కొందరు చిన్న యూనిట్ల యజమానులం కలిసి ఈ వినతిపత్రం ఇస్తున్నాం. వికారాబాద్ వైపు షెడ్లు, హోర్డింగులు కట్టే పనివాళ్లూ మాతో కలిశారు. యజమానులూ కూలీలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం మా దగ్గర అరుదు. తడి నేల మీద నిలబడి ఇనుప స్తంభాన్ని పట్టుకున్నవాడు యజమానా కూలీయా అని కరెంటు అడగదు గనుక ఈసారి పెట్టాం.

మేం కొత్త చట్టం అడగడం లేదు. విద్యుత్ చట్టం 2003 ఉంది. దాని కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనలు ఉన్నాయి. ఎర్తింగుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ఉంది, దాన్ని 2018లో సవరించారు. మూడు ఫేజుల మోటారు చట్రానికి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలన్నది ఎప్పటి నుంచో వస్తున్న నియమమే. ఇవన్నీ కాగితం మీద బాగానే ఉన్నాయి. కాగితానికీ షెడ్డు స్తంభానికీ మధ్య ఒక బోల్టు ఉంది. మా గొడవంతా ఆ బోల్టు దగ్గరే.

తాండూరు పాలిషింగ్ షెడ్డు ఎలా ఉంటుందో తమరికి తెలియనిది కాదు. ఇనుప స్తంభాలు, వాటి మీద ఇనుప ట్రస్సులు, పైన రేకులు. కింద కటింగ్ మిషన్లు, పాలిష్ మిషన్లు. రాయి కోస్తున్నంతసేపూ, నునుపు చేస్తున్నంతసేపూ నీళ్లు పారుతూనే ఉండాలి, లేకపోతే బ్లేడు కాలిపోతుంది. ఆ నీళ్లతో రాతి పొడి కలిసి తెల్లటి బురదగా మారి పాదాలు మునిగేంత నిలుస్తుంది. స్టార్టర్లు, ప్యానెల్ బోర్డు చాలాచోట్ల ఆ స్తంభాలకే బిగించి ఉంటాయి. కేబుళ్లు ట్రస్సుల మీదుగా పోతాయి. ట్రస్సు అంచుకు ఒరుసుకుని ఎక్కడో ఒకచోట తొడుగు చిరిగిందంటే షెడ్డు మొత్తం ఫేజు అవుతుంది. ఒక మిషన్‌కు షాక్ వస్తే ఆ మిషన్ దగ్గరున్నవాడికే ప్రమాదం. షెడ్డుకు షాక్ వస్తే ఏ మూల ఏ స్తంభం ముట్టుకున్నా ప్రమాదమే. అందుకే మిషన్ ఎర్తు వేరు, కట్టడం ఎర్తు వేరు అని విడదీసి చెబుతున్నాం.

మామూలుగా ఏం చేస్తున్నారో ఉన్నదున్నట్టు చెబుతాం. ప్యానెల్ బోర్డు నుంచి ఒక జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీ గోడ వారగా పోయి బయట ఎర్త్ గుంతలో దిగుతుంది. మోటార్లకు 8 గేజి జీఐ తీగ లాగుతారు. స్తంభం దగ్గరికి వచ్చేసరికి, అప్పటికే రెడ్ ఆక్సైడ్ కొట్టి, దాని మీద ఎనామెల్ పెయింటు వేసిన ఉక్కుకు చిల్లు పెట్టి, పెయింటు మీదనే లగ్గు పెట్టి నట్టు బిగించేస్తారు. నట్టు బిగిసింది కాబట్టి ఎర్తు అయిపోయిందనుకుంటారు. పెయింటు కరెంటును ఆపుతుంది. బోల్టు మరలు లోపల ఎక్కడో గీసుకున్న చోట ఆవగింజంత లోహం లోహానికి తగులుతుంది. మల్టీమీటరు పెడితే అది కుయ్‌మంటుంది కూడా. మల్టీమీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది కనుక దానికి ఆ ఆవగింజ చాలు. నిజంగా ఫాల్టు వచ్చి పదుల ఆంపియర్లు పారాల్సి వస్తే ఆ చుక్క కాలిపోయి అతుకు తెగిపోతుంది. ఆ తర్వాత షెడ్డుకు ఎర్తు లేనట్టే. చూడటానికి మాత్రం పట్టీ అలాగే వేలాడుతూ ఉంటుంది.

కొన్నిచోట్ల ఇంకా అన్యాయం. స్తంభం దాకా కూడా పోకుండా, పైన రేకుకు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూతో తీగ బిగిస్తారు. ఆ స్క్రూల కింద వాన నీరు కారకుండా రబ్బరు వాషర్లుంటాయి. అంటే రేకుకూ ఉక్కుకూ మధ్య రబ్బరు. ఇది ఎర్తింగు అనిపించుకోదు.

సరైన పద్ధతికి పెద్ద చదువు అక్కర్లేదు. స్తంభం అడుగు నుంచి ఒక మూరెడు ఎత్తులో, బురద తగలని చోట, లగ్గు కూర్చునేంత మేర పెయింటు, తుప్పు పూర్తిగా గీకి ఉక్కు తళతళలాడేలా చేయాలి. అక్కడ ఒక ఇనుప పలకను రెండు పక్కలా వెల్డు చేసి, దానికి ఎర్తు పట్టీని కనీసం రెండు బోల్టులతో, స్ప్రింగ్ వాషర్లతో బిగించాలి. రాగి తీగ వాడితే తగరం పూసిన లగ్గే వాడాలి. ఉత్త రాగి జీఐ మీద కూర్చుంటే తడికి జీఐని కొరికేస్తుంది. అంతా బిగించాక అతుకు మీద పైనుంచి పెయింటు వేసుకోవచ్చు. ముందు బిగింపు, తర్వాత పెయింటు. మన దగ్గర ఈ వరుస తలకిందులవుతోంది. ఫ్యాబ్రికేటరు రంగు వేసి డబ్బు తీసుకుని వెళ్లిపోయాక ఎలక్ట్రీషియన్ వస్తాడు. వేసిన రంగు గీకితే యజమాని ఊరుకోడు.

స్తంభాలు ఎలాగూ కాంక్రీటులో నాటి ఉన్నాయి కదా, భూమికి తగిలినట్టే కదా అని కొందరు ఇంజినీర్లు కూడా అంటున్నారు. అన్ని వేళలా కాదు. బేస్ ప్లేటు కింద గ్రౌటు ఉంటుంది. యాంకర్ బోల్టులు లోపలి సరియలకు తగిలి ఉండొచ్చు, తగలకపోవచ్చు. తగిలాయో లేదో కాంక్రీటు పోశాక కంటితో తేల్చలేం. కొలిచి తేల్చాలి. అలాగే ఒక స్తంభానికి ఎర్తు ఇస్తే మిగతావన్నీ ట్రస్సుల ద్వారా కలుస్తాయన్న నమ్మకమూ సరికాదు. బోల్టులతో కలిపిన చోట రెండు పెయింటు పొరలు అడ్డం ఉంటాయి. వెల్డుతో కలిపిన షెడ్డయితే చాలావరకు పర్వాలేదు. బోల్టుల షెడ్డయితే ప్రతి వరుసకూ ఒక జంపరు పట్టీ వేయాల్సిందే.

ఇక లెక్క చెబుతాం. తప్పయితే తమ ఇంజినీర్లు దిద్దవచ్చు. షెడ్డు ఎర్తు 5 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్తు ఇంకో 5 ఓమ్‌లు అనుకుందాం. మా ప్రాంతంలో ఇది మంచి ఎర్తు కిందే లెక్క. 230 వోల్టుల ఫేజు షెడ్డుకు తగిలితే భూమి గుండా పారే కరెంటు 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. యూనిట్‌లో ఉన్నది 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ, అంటే లోడు మించితే పడిపోయే స్విచ్చు. దానికి 23 ఆంపియర్లు మామూలు లోడే, పొద్దంతా మోస్తుంది, పడిపోదు. ఈలోగా షెడ్డు ఉక్కు మీద 115 వోల్టులు నిలబడి ఉంటాయి. చెమటతో, నీళ్లతో తడిసిన ఒంటికి సుమారు వెయ్యి ఓమ్‌ల నిరోధం వేసుకుంటే ఒంట్లోంచి 115 మిల్లీ ఆంపియర్లు పోతాయి. 10, 15 మిల్లీ ఆంపియర్లు దాటితేనే పట్టుకున్న చెయ్యి వదలడం కష్టం. అంటే ఎర్తు ఉన్నా, ఎమ్‌సీబీ ఉన్నా, మనిషి పోవచ్చు. "మా దగ్గర ఎర్త్ గుంత ఉంది సార్" అన్న మాట విని వెనుదిరుగుతున్న తనిఖీ అధికారులకు ఈ లెక్క చూపించాలని మా ప్రార్థన.

ఆ గుంత సంగతి కూడా చెప్పాలి. మా నేల అందరి నేలలా కాదు. తాండూరులో పైన నల్లరేగడి, దాని కింద నాపరాయి. ఏ రాయిని తవ్వి దేశమంతా అమ్ముతున్నామో, షాబాదు బండలని పేరుపడ్డ ఏ రాయి ఇళ్ల గచ్చుల్లో పరుచుకుందో, ఆ రాయే మాకు ఎర్తు కుదరనివ్వదు. ప్రమాణం ప్రకారం పైపు ఎలక్ట్రోడు కనీసం 2.5 మీటర్ల పొడవుండాలి. చాలాచోట్ల నాలుగైదు అడుగులకే బండ తగులుతుంది. కాంట్రాక్టరు పైపును అక్కడికి కోసేసి, పైన సిమెంటు గూడు కట్టి, మూత పెట్టి, ఎర్రరంగు కొట్టి వెళ్లిపోతాడు. పైనుంచి చూసేవాడికి లోపల పైపు ఎంతుందో తెలియదు. వానాకాలంలో నల్లమట్టి నీరు తాగి ఉబ్బుతుంది కనుక అప్పుడు కొలిస్తే అంకె బాగానే వస్తుంది. ఎండాకాలంలో అదే నేల నెర్రెలిస్తుంది. మట్టి పైపును వదిలేస్తుంది. ఉప్పు, బొగ్గు పోసి నెట్టుకొస్తున్నారు. ఉప్పు వానలకు మెల్లగా కొట్టుకుపోతుంది, పోయేలోగా పైపును తినేస్తుంది. వికారాబాద్, అనంతగిరి వైపు నేల వేరు. అక్కడ ఎర్రమట్టి, జేగురు రాయి. వేసవిలో నీరు నిలవదు, ఎర్తు కుదరడం అక్కడా కష్టమే.

కనుక మా మొదటి కోరిక ఇది. ఎర్తు కొలిచేది రోహిణి కార్తెలో కొలవండి. ఎండాకాలంలో, పొడిగా ఉన్న రోజున, కనీసం రెండేళ్లకొకసారి తన ఎర్తులను కొలవాలని విద్యుత్ సంస్థకే నిబంధనల్లో ఉంది. అదే కాలాన్ని యూనిట్లకూ వర్తింపజేయాలి. శ్రావణంలో కొలిచి రాసిన సర్టిఫికెట్‌ను చెల్లనిదిగా ప్రకటించాలి. కొలత ఒక్క గుంత దగ్గర ఆగకూడదు. గుంత నుంచి ప్రతి స్తంభానికీ, స్తంభం నుంచి ప్రతి మిషన్ చట్రానికీ, నీటి పైపుకూ మధ్య నిరోధం కొలవాలి. అది అర ఓమ్ దాటకూడదు. వచ్చిన అంకె, కొలిచిన తేదీ, కొలిచినవాడి లైసెన్సు నంబరు ప్యానెల్ బోర్డు పక్కన తెలుగులో రాసి పెట్టాలి. రిజిస్టరు బీరువాలో ఉంటే కూలీకి కనపడదు. మాలో చాలామందికి ఎర్త్ టెస్టర్ కొనే స్తోమత లేదు. సెక్షన్ ఆఫీసుల్లో ఒకటి రెండు ఉంచి, లైసెన్సు ఉన్నవాళ్లకు రోజు కిరాయికి ఇవ్వండి.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆర్‌సీసీబీ. లీకేజీ కరెంటును పసిగట్టి కన్నుమూసి తెరిచేలోగా సప్లై తెంచే పరికరం. మూడు ఫేజుల కనెక్షన్లకు ఇలాంటి రక్షణ ఉండాలని నిబంధనల్లో ఇప్పటికే ఉంది. దీన్ని గట్టిగా అడగడానికి మా రాతి నేలే కారణం. 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, తడి చోట్లకు తగినట్టు షెడ్డు మీద 25 వోల్టులు మించకుండా చూడాలన్నా, ఎర్తు 250 ఓమ్‌ల దాకా ఉన్నా అది పనిచేస్తుంది. 5 ఓమ్‌లు దొరకని బండ నేలలో కూడా 250 ఓమ్‌లు దొరుకుతాయి. అంటే ఉప్పు బస్తాలతో ఒక ఓమ్ కోసం చేసే యజ్ఞం కన్నా, ఉక్కునంతా గట్టిగా కలిపి కట్టి ఆర్‌సీసీబీ పెట్టడం మాకు ఎక్కువ మేలు. మంచి ఎర్తు వద్దని దీని అర్థం కాదు, పిడుగుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ అది కావాలి. మనిషి ప్రాణం కాపాడే పని మాత్రం దానికొక్కదానికే వదిలేయకూడదు.

యజమానుల వైపు నుంచి ఒక నిజం ఒప్పుకోవాలి. ఆర్‌సీసీబీ పెట్టినవాళ్లలో కొందరు దాన్ని తప్పించి డైరెక్టు ఇచ్చుకున్నారు. రీవైండింగ్ చేసి చేసి పాతబడిన మోటార్లు, తడి కేబుళ్లు, రోజుకు నాలుగుసార్లు ట్రిప్పు. ఆర్డరు లారీ బయట నిలబడి ఉంటే ఎవరికైనా ఓపిక నశిస్తుంది. దీనికి మార్గం ఉంది. మొత్తం యూనిట్‌కు ఒకే 30 మిల్లీ ఆంపియర్లది పెడితే పడుతూనే ఉంటుంది. మోటార్ల గుంపులకు విడివిడిగా 100 మిల్లీ ఆంపియర్లవి, చేతి గ్రైండర్లకూ ప్లగ్గులకూ లైట్లకూ 30వి పెడితే ఒకటి పడినా మిగతా పని ఆగదు. అప్పటికీ పడుతుంటే మోటారును మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడాలి. తప్పు ఆర్‌సీసీబీది కాదు, ఆ మోటారుది. తప్పించిన ఆర్‌సీసీబీ కనపడితే మొదటిసారి నోటీసు, రెండోసారి సప్లై నిలిపివేత అని ఉత్తర్వులివ్వండి. ఈ మాట మాలోని యజమానులు కూడా ఒప్పుకుని రాసిందే. చిన్న యూనిట్లు ఆర్‌సీసీబీలు, పట్టీలు కొనుక్కోవడానికి పరిశ్రమల శాఖ నుంచి కొంత రాయితీ ఇప్పిస్తే పని త్వరగా అవుతుంది. ఇది ప్రార్థనే, షరతు కాదు.

కొత్తగా కట్టే షెడ్ల విషయంలో పని ఇంకా సులువు, ఖర్చు ఇంకా తక్కువ. పునాది వేసేటప్పుడే సరియలను ఒకదానికొకటి కలిపి, ఒక జీఐ పట్టీని వెల్డు చేసి, కాంక్రీటు బయటికి తీసి స్తంభానికి తగిలిస్తే పునాదే ఎర్తు అవుతుంది. కాంక్రీటు తేమను పట్టి ఉంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హెర్బర్ట్ యూఫర్ అనే అమెరికన్ ఇంజినీరు అరిజోనా ఎడారిలో మందుగుండు గిడ్డంగులకు ఎర్తు కుదరక ఈ పద్ధతే పట్టాడు. వాన తక్కువగా పడే ఆ నేలలో ఏళ్ల తర్వాత కొలిచినా 5 ఓమ్‌ల లోపే వచ్చింది. మన బండ నేలకు ఇంతకన్నా తగినది మాకు తోచడం లేదు. ఐఎస్ 3043 దీన్ని ఒప్పుకుంటుంది. అడ్డమల్లా ఒక్కటే. పునాది పోసే రోజున ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ పిలవరు. అందుకని ఆన్‌లైన్ భవన అనుమతుల్లోనూ, పరిశ్రమల సింగిల్ విండో అనుమతుల్లోనూ ఉక్కు కట్టడాలకు పునాది ఎర్తు ఫోటో, లైసెన్సు ఉన్న సూపర్‌వైజరు సంతకం తప్పనిసరి చేయాలి. అవి లేకుండా మూడు ఫేజుల సర్వీసు విడుదల చేయకూడదు.

తనిఖీ ఎవరు చేయాలన్న దగ్గర మరో చిక్కు. పాత ఫ్యాక్టరీల చట్టం 1948 ప్రకారం కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే కర్మాగారం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 20. మా షెడ్లలో ఎక్కువ చోట్ల అంతమంది ఉండరు. అంటే కర్మాగారాల శాఖ గుమ్మం తొక్కదు. ఒక స్థాయి వోల్టేజీ దాకా యజమానే స్వయంగా ధ్రువీకరించుకునే వెసులుబాటు కూడా ఉంది గనుక విద్యుత్ తనిఖీ శాఖా రాదు. మిగిలేది లైన్‌మన్. ఆయనకు మీటరు చూడటానికే తీరిక లేదు. విద్యుత్ భద్రతా నిబంధనలు మనుషుల సంఖ్యను బట్టి మారవు. ఇద్దరున్న షెడ్డుకూ అవే వర్తిస్తాయి. కాబట్టి తడి పని జరిగే ఉక్కు షెడ్లను స్వీయ ధ్రువీకరణ నుంచి తప్పించి, కనీసం మొదటిసారి తనిఖీ అధికారే వచ్చి చూసేలా ప్రభుత్వానికి సిఫారసు చేయాలని తమరిని కోరుతున్నాం.

విద్యుత్ సంస్థ తన వంతు తాను చేయకుండా మమ్మల్ని మాత్రమే నిలదీయడం కుదరదు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎర్తులుండాలి. గద్దెల దగ్గర వాటి పట్టీలు తెగి వేలాడుతున్న చోట్లున్నాయి, దొంగలు కోసుకుపోయిన చోట్లున్నాయి. గుంతలో నీళ్లు పోసే దిక్కు లేదు. న్యూట్రల్ తెగిన రోజున ఒక ఫేజులో వోల్టేజీ చచ్చి, ఇంకో ఫేజులో 300 దాటి ఫ్యాన్లూ ఫ్రిజ్జులూ కాలిపోతాయి. ఆ న్యూట్రల్‌కు బదులు ఎవరో ఒకరు ఎర్తునే న్యూట్రల్‌గా వాడుకోవడం మొదలుపెడతారు. అప్పుడు షెడ్డు ఉక్కులో ఫాల్టు లేకపోయినా కరెంటు పారుతూ ఉంటుంది. పాలిషింగ్ యూనిట్లకు సప్లై ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల ఎర్తులన్నిటినీ ముందుగా సరిచేయాలి. ఎర్తును న్యూట్రల్‌గా వాడేవారి మీద మొహమాటం లేకుండా చర్య తీసుకోవాలి. వెల్డింగ్ మిషన్ రిటర్ను కేబులును షెడ్డు స్తంభానికి తగిలించి ఎక్కడో ఇరవై గజాల దూరంలో వెల్డు చేసే అలవాటునూ ఇదే ఉత్తర్వులో నిషేధించండి. ఆ కరెంటు మోటారు ఎర్తు తీగ గుండా దారి వెతుక్కుని దాన్ని మాడ్చేస్తుంది. మాలోని వెల్డర్లు దీనికి కట్టుబడి ఉంటామని మాట ఇస్తున్నారు.

షెడ్ల బయట కూడా ఉక్కు ఉంది. వీధి దీపాల స్తంభాలు, ఫ్లెక్సీల ఇనుప చట్రాలు, బస్ షెల్టర్లు, బడి గేట్లు, మార్కెట్ యార్డు రేకులు, అనంతగిరి దారిలో వరుసగా లేస్తున్న రిసార్టుల ఇనుప కుటీరాలు, ఈమధ్య మిద్దెల మీద సోలార్ పలకలకు వేస్తున్న స్టాండ్లు. 2022 జూలైలో కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలు ఆరేసే ఇనుప తీగకు కరెంటు పాకి ఒకే కుటుంబంలో తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఒక దండేనికి ఉన్న బలం అది. ఇంత ఇనుముకు ఎంత బలముంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మున్సిపాలిటీలు తమ సొంత ఉక్కుతో మొదలుపెట్టాలి.

చేతకాదనడానికి లేదు. తాండూరు స్టేషన్ ప్లాట్‌ఫారం చివరికి వెళ్లి చూడండి. రైలు కరెంటు స్తంభాల అడుగున, రైలు పట్టాకో భూమికో కలుపుతూ ఇనుప పట్టీ గట్టిగా బిగించి ఉంటుంది. 25 వేల వోల్టుల తీగ కింద ఇనుమన్నది ఎర్తు లేకుండా ఉండకూడదని రైల్వే వాళ్లకు తెలుసు. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. జలాంతర్గాములతో మాట్లాడే అలాంటి కేంద్రాల్లో యాంటెనా స్తంభాల కింద భూమిలో లోహపు తీగల వల పరవకపోతే పనే జరగదు.  అంత ఎర్తింగు తెలిసిన దేశం తాండూరు షెడ్డు స్తంభానికి ఒక బోల్టు సరిగా వేయించలేదా అన్నదే మా ప్రశ్న.

చివరగా ప్రమాదాల లెక్క. కరెంటు షాక్‌తో ప్రాణనష్టం జరిగితే 24 గంటల్లో విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయాలని 2005 నాటి నియమాలున్నాయి. షెడ్లలో జరిగేవి అంత త్వరగా అక్కడికి చేరడం లేదు. పనిలో ఉన్న మనిషి కింద పడితే గుండెపోటనో, జారిపడ్డాడనో మాట మారుతుంది. పోయినవాడు పొరుగు రాష్ట్రం నుంచి పనికొచ్చినవాడైతే శవం రాత్రికి రాత్రి వాహనమెక్కి పోతుంది. నష్టపరిహారం మాట తర్వాత, కారణం కూడా తేలదు. కారణం తేలకపోతే పక్క షెడ్డులో అదే బోల్టు అలాగే ఉంటుంది. షెడ్లలో అనుమానాస్పద మరణం ప్రతిదానికీ పోలీసు, వైద్య, విద్యుత్ తనిఖీ శాఖలు కలిసి నివేదిక ఇచ్చేలా, అది తేలేదాకా వైరింగును ఎవరూ కదపకుండా తమరు ఆదేశాలివ్వాలి. షాక్ కొట్టి బతికి బయటపడ్డ సంఘటనలు కూడా నమోదు చేయాలి. ఎందుకంటే చావుకు ముందు హెచ్చరికలు అవే. "స్తంభం కొద్దిగా గుంజుతోంది" అని కూలీ అంటే "చెప్పులేసుకో" అని జవాబు చెప్పే అలవాటు పోవాలి.

వీటిలో కొన్ని జిల్లా స్థాయిలోనే అయ్యేవి, కొన్ని హైదరాబాద్ దాకా పోవాల్సినవి. అన్నీ ఒక్కసారిగా కావని మాకు తెలుసు. తమ చేతిలో ఉన్నదాన్ని వెంటనే మొదలుపెట్టమని అడుగుతున్నాం. విద్యుత్ సంస్థ, విద్యుత్ తనిఖీ శాఖ, మున్సిపాలిటీ, మా ప్రతినిధులు ఉండేలా ఒక సంయుక్త బృందం వేయండి. ముందు తాండూరు పాలిషింగ్ షెడ్లతో మొదలుపెట్టి వికారాబాద్ దాకా రండి. బృందంతో తిరగడానికి, పెయింటు గీకి అతుకులు సరిచేయడానికి మా వైర్‌మెన్లు, వెల్డర్లు కూలి అడగకుండా వస్తారు. సామాను ఖర్చు యజమానులు పెట్టుకుంటారు. జిల్లాలోని ఐటీఐ ఎలక్ట్రీషియన్ పిల్లలను వెంట పంపితే వాళ్లకూ పని వస్తుంది.

రోహిణి కార్తె మే చివర్లో వస్తుంది. మృగశిర కార్తెతో వానలు మొదలైతే కొలత పనికిరాదు, తడి నేల మీద ప్రమాదమూ పెరుగుతుంది. అందుచేత ఈ వేసవి దాటకముందే మొదటి విడత కొలతలు పూర్తి చేయించి, ఫలితాలను ప్రజావాణిలో మా ఎదుట పెట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తాండూరు, వికారాబాద్ ప్రాంతాల నాపరాయి పాలిషింగ్ కార్మికులు, వైర్‌మెన్లు, వెల్డర్లు, చిన్న యూనిట్ల యజమానులు